ఎక్స్ విలువ కనుక్కోమనే ముందు ఎక్స్ అంటే ఏమిటో అడగండి

గణిత పాఠ్యపుస్తకాలు రాసేవారికి, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి, జవాబుపత్రాలు దిద్దేవారికి, మన బడుల్లో లెక్కలు చెప్పే ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

గుంటూరు

విషయం: రాత లెక్కల్లో (మాటల్లో ఇచ్చే లెక్కల్లో) బీజీయ సమాసాలకు, అంటే 30 + 15క లాంటి అంకెలూ అక్షరాలూ కలిసిన రాతలకు, అర్థం చెప్పడం నేర్పాలని, దానికి మార్కులు కేటాయించాలని కోరుతూ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను గుంటూరులో ఒక మిర్చి కమీషన్ దుకాణంలో పద్దులు రాసే గుమాస్తాని. సాయంత్రాలు మా వీధిలోని హమాలీల పిల్లలకు, ఆటో డ్రైవర్ల పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆరు నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలు వస్తారు. ఈ లేఖలో రాస్తున్న సంగతులే ఒక అర్జీగా రాసి, తల్లిదండ్రుల సంతకాలు పెట్టించి, సంబంధిత కార్యాలయంలో ఇచ్చాం. రసీదు ఇచ్చారు. విద్యాసంవత్సరం అయిపోయింది, జవాబు రాలేదు. వెళ్లి అడిగితే సిలబస్ మా చేతిలో లేదన్నారు. సిలబస్ మార్చమని మేం అడగలేదు. ఉన్న సిలబస్‌లోనే చేయగలిగిన పని అడిగాం. అందుకే ఇప్పుడు మీ అందరి ముందూ పెడుతున్నాను.

మేం చెప్పేది ఒక్కటే. రాత లెక్కల దగ్గర మా పిల్లలు సమీకరణం సాధించడం రాక ఆగిపోవడం లేదు. కళ్ల ముందున్న బీజీయ సమాసంలో ఏ ముక్క దేన్ని చెబుతోందో తెలియక ఆగిపోతున్నారు. దాన్ని ఎవరూ అడగడం లేదు కాబట్టి ఆ లోటు పదో తరగతి దాకా బయటపడడం లేదు.

ఎనిమిదో తరగతి చదివే ఒక పాపకు ఈ లెక్క ఇచ్చాను. ఆటో ఎక్కగానే 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 15 రూపాయలు. క కిలోమీటర్లు వెళ్తే అయ్యే ఖర్చు 30 + 15క రూపాయలు. "ఇందులో 15క అంటే ఏంటమ్మా?" అని అడిగాను. "పదిహేను కిలోమీటర్లు సార్" అంది. "మరి 30?" "ముప్పై రూపాయలు." "రూపాయలకు కిలోమీటర్లు ఎట్టా కలుపుతాం?" కాసేపు నోటుపుస్తకం వంక చూసి, "పుస్తకంలో అట్టాగే కలుపుతారుగా సార్" అంది. అదే పాపను 30 + 15క = 120 అయితే క ఎంత అని అడిగితే, 6 అని గబగబా చేసి చూపించింది. పరీక్షలో ఆ 6కు పూర్తి మార్కులు పడతాయి. 15క అంటే ఆరు కిలోమీటర్లకు అయిన 90 రూపాయలని ఆ పాపకు తెలియదన్న సంగతి దిద్దేవారికి ఎప్పటికీ తెలియదు.

ఈ లేఖలో చరరాశులకు తెలుగు అక్షరాలు వాడుతున్నాను. ఇది మనకు కొత్త కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశుల్లో మొదటిదాన్ని యావత్తావత్ అని, తర్వాతివాటిని కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లతో పిలిచి, వాటి తొలి అక్షరాలతో లెక్క నడిపాడు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను మాటల్లో చదివి విప్పుకునే విద్య ఈ భాషలో ఎన్నో వందల ఏళ్లుగా ఉంది.

ఇక మేం గమనించినవి.

1. అక్షరాన్ని వస్తువుగా చెబుతున్నారు. "5ఆ + 3జా అంటే ఐదు ఆపిళ్లు, మూడు జామకాయలు" అని ఆరో తరగతిలో మొదలుపెడతారు. 5ఆ + 2ఆ = 7ఆ అని చెప్పడానికి ఇది సులువే, ఆ రోజుకు పాఠం గడిచిపోతుంది. కానీ ఆపిల్ 25 రూపాయలు, జామకాయ 10 రూపాయలు ఉన్నప్పుడు కొన్న ఆపిళ్ల సంఖ్య 'ఆ', జామకాయల సంఖ్య 'జా' అయితే ఖర్చు 25ఆ + 10జా అవుతుంది. ఆరో తరగతిలో నేర్చుకున్న పిల్లవాడు దీన్ని ఇరవై ఐదు ఆపిళ్లు, పది జామకాయలు అనే చదువుతాడు. ఏడో తరగతిలో రెండు అక్షరాల లబ్ధం వచ్చేసరికి ఆ అలవాటుకు దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఆపిల్‌ను జామకాయతో ఎలా గుణిస్తాం?

ఇది మన పిల్లలకే ఉన్న ఇబ్బంది అని ఎవరైనా అనుకుంటే, బ్రిటన్‌లో జరిపి 1981లో అచ్చు వేసిన పరిశీలన ఒకటుంది. నీలం పెన్సిల్ 5 పెన్నీలు, ఎర్ర పెన్సిల్ 6 పెన్నీలు, మొత్తం ఖర్చు 90 పెన్నీలు. నీలం పెన్సిళ్ల సంఖ్య నీ, ఎర్రవాటి సంఖ్య ఎ అయితే వాటి గురించి ఏం రాయగలరు అని అడిగారు. రాయాల్సింది 5నీ + 6ఎ = 90. చాలామంది నీ + ఎ = 90 అని రాశారు. వాళ్ల దృష్టిలో నీ అంటే నీలం పెన్సిళ్లు, ఎ అంటే ఎర్ర పెన్సిళ్లు, అన్నీ కలిపి 90. అక్షరం ఒక సంఖ్య అన్న ఊహే అక్కడ లేదు.

2. మాట పట్టుకుని గుర్తు వేయడం నేర్పుతున్నారు. మొత్తం అని ఉంటే కూడు, మిగిలింది అని ఉంటే తీసెయ్యి, ఎక్కువ అని ఉంటే ప్లస్, రెట్లు అని ఉంటే ఇంటూ. గైడ్లలో పట్టికలే ఉంటాయి, ట్యూషన్లలో వాటిని వల్లె వేయిస్తారు. ఒక చిన్న లెక్క చూడండి. రమణ దగ్గర సీత దగ్గరకంటే 5 గోలీలు ఎక్కువ ఉన్నాయి, రమణ దగ్గర 12 ఉన్నాయి, సీత దగ్గర ఎన్ని? పట్టిక నేర్చుకున్న పిల్లలు "ఎక్కువ" చూడగానే 17 అంటారు. గోలీలాట ఆడే పిల్లవాడికి ఇదే సంగతి ఆటలో చెప్పండి, పట్టిక లేకుండా 7 అంటాడు.

రెట్ల దగ్గర ఇంకా లోతైన గొయ్యి ఉంది. "ఒక కాలేజీలో విద్యార్థుల సంఖ్య లెక్చరర్ల సంఖ్యకు ఆరు రెట్లు" అనే వాక్యాన్ని సమీకరణంగా రాయమనండి. విద్యార్థుల సంఖ్య వి, లెక్చరర్ల సంఖ్య లె. రావాల్సింది వి = 6లె. ఎక్కువమంది పిల్లలు 6వి = లె అని రాస్తారు. విద్యార్థులు ఎక్కువ కాబట్టి ఆరు వాళ్ల పక్కన ఉండాలని వాళ్ల మనసుకు తోస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు ఇదే ప్రశ్నను ఇంజనీరింగ్‌లో అప్పుడే చేరిన 150 మందికి ఇచ్చారు. 37 శాతం మంది తప్పు రాశారు. వాటిలో ఎక్కువ భాగం ఈ తిరగేసిన సమీకరణమే. ఆ ఫలితాలు 1981లో అచ్చయ్యాయి. అంటే నలభై ఏళ్లు దాటింది. ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నవాళ్లే తడబడిన చోట, మా వీధి పిల్లలను తెలివి లేదని తిట్టడం అన్యాయం.

దీనికి విరుగుడు ఖర్చుతో కూడింది కాదు. రాసిన సమీకరణంలో ఒక అంకె పెట్టి చూడమనాలి. లెక్చరర్లు 10 మంది అయితే విద్యార్థులు 60 మంది అని మాటల్లోనే తెలుసు. 6వి = లెలో ఆ అంకెలు పెడితే 360 = 10 వస్తుంది. పిల్లవాడే తల గోక్కుని సరిచేసుకుంటాడు. మా దగ్గర ప్రతి సమాసాన్నీ ఇలా ఒక అంకెతో పరీక్షించాకే ముందుకు వెళ్తాం. బడిలో దీనికి సమయం లేదంటారు. ఆ సమయం లేకపోవడం వల్లే తర్వాతి తరగతుల్లో పదింతల సమయం పోతోంది.

3. భాష వల్ల వచ్చే చిక్కు. తెలుగులో "ఎక్స్ కంటే 5 తక్కువ" అంటాం. మాటలు ఏ వరసలో వస్తాయో లెక్క కూడా అదే వరసలో వస్తుంది: ఎక్స్ − 5. అదే ఇంగ్లీషు పేజీలో "ఫైవ్ లెస్ దాన్ ఎక్స్" అని ఉంటే ఐదు ముందు వస్తుంది, పిల్లలు 5 − ఎక్స్ అని రాసేస్తారు. తెలుగులో చెబితే తప్పు చేయని పిల్లవాడు ఇంగ్లీషులో చదివినందుకు తప్పు చేస్తున్నాడు. మన రాష్ట్రంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు తెచ్చారు. మంచి పని. కానీ పిల్లలు ఎదుటి పేజీ ఎందుకు చూడరో ఒకసారి ఆ తెలుగు చదివితే తెలుస్తుంది. "ఒక సంఖ్య యొక్క మూడు రెట్లకు నాలుగు కలుపగా వచ్చు ఫలితము 19 అయిన ఆ సంఖ్యను కనుగొనుము" అనే తీరులో ఉంటుంది. ఇంట్లో, వీధిలో ఎవరూ ఇలా మాట్లాడరు. "ఒక సంఖ్యను మూడు రెట్లు చేసి, దానికి 4 కలిపితే 19 వచ్చింది. ఆ సంఖ్య ఎంత?" అంటే సరిపోతుంది. ఏం ముందు జరిగింది, ఏం తర్వాత జరిగింది అన్నది కూడా ఇందులో తేటగా ఉంది. 3స + 4కూ 3(స + 4)కూ తేడా పిల్లలకు పట్టుబడేది ఆ ముందువెనకల దగ్గరే.

ఇంకొకటి కూడా చెప్పాలి. "మూడు రెట్లు ఎక్కువ" అనే మాట ప్రశ్నల్లో వాడకండి. కొందరికి అది 3ఎక్స్, కొందరికి 4ఎక్స్. రెండు రకాలుగా అర్థమయ్యే ప్రశ్నకు ఒకే జవాబును కీలో పెట్టి, రెండోది రాసిన పిల్లవాడికి సున్నా వేయడం సరికాదు.

4. మార్కులు లెక్క సాధించినందుకే, అర్థం చెప్పినందుకు కాదు. పదో తరగతి లెక్కల పేపరు 100 మార్కులు, పాసవడానికి 35. ఒక మార్కు ప్రశ్నల నుంచి ఎనిమిది మార్కుల ప్రశ్నల దాకా 33 ప్రశ్నలు. పిల్లలు తెచ్చి చూపించిన పేపర్లలో "ఈ సమాసంలో ఈ పదం దేన్ని సూచిస్తుంది?" అని అడిగిన ప్రశ్న నాకు కనిపించలేదు. "పెన్నులు = ఎక్స్" అని రాసినా, "ఒక పెన్ను ధర = ఎక్స్ రూపాయలు" అని రాసినా తేడా చూడరు. పరీక్షలో రానిది తరగతిలో చెప్పరు. టీచర్లను తప్పుపట్టడం లేదు, వాళ్ల మీద ఫలితాల ఒత్తిడి ఎంతుందో మాకూ తెలుసు.

దీనివల్ల ఏమవుతుందంటే, లెక్క బడిలో ఆగిపోతుంది, బతుకులోకి రాదు. మా వీధిలో రోజూ చూసేవి చెబుతాను.

కరెంటు బిల్లు. 2022 టారిఫ్ ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. మా వీధిలో పెద్దవాళ్లు చాలామంది 125 దాటితే వాడిన మొత్తానికీ 6 రూపాయల చొప్పున పడుతుందని నమ్ముతారు. మీటరు 120 దగ్గరికి వస్తే ఎండాకాలంలో కూడా ఫ్యాను ఆపి కూర్చునే ముసలివాళ్లను చూశాను. వాడిన యూనిట్ల సంఖ్య యు అనుకుందాం. అది 76కూ 125కూ మధ్య ఉంటే యూనిట్ల చార్జీ 192 + 4.5(యు − 75). ఇందులో 192 ఎక్కడిది? మొదటి 75 యూనిట్లకు అయిన డబ్బు, 57 + 135. యు − 75 అంటే 75 దాటి వాడిన యూనిట్లు మాత్రమే. 125 యూనిట్లకు 417 రూపాయలు, 126కు 423. మిగతా చార్జీలు వేరు. ఒక్క యూనిట్ పెరిగితే ఆరు రూపాయలే పెరిగాయి. మొత్తానికీ ఆరు వేస్తే 756 అయ్యేది. ఆ బ్రాకెట్‌లో ఉన్నదేమిటో చదవగలిగిన తొమ్మిదో తరగతి పిల్ల తన నాయనమ్మకు ఈ సంగతి చెప్పగలదు.

వడ్డీ. గుంటూరు, విజయవాడల్లో చేతి అప్పుల మీద వడ్డీ "నూటికి రెండు" అంటారు, అంటే నెలకు. 50,000 తీసుకుంటే న నెలల తర్వాత తీర్చాల్సింది 50,000 + 1,000న. నెలనెలా వెయ్యి కడుతూ పోయిన మనిషి నాలుగేళ్లలో 48,000 కడతాడు. 1,000న అన్న ముక్క తీరుతూ వస్తుంది. అక్షరం లేని ఆ 50,000 కదలకుండా అట్లాగే ఉంటుంది. మా దగ్గర చదివే ఒక అబ్బాయి వాళ్ల నాన్న ఎంతకాలంగా కడుతున్నాడో నాతో చెప్పి, "అప్పు సగమన్నా తీరుంటదా సార్?" అని అడిగాడు. అతని నోటుపుస్తకంలో సామాన్య వడ్డీ సూత్రం మూడుసార్లు రాసి ఉంది, సాధించిన లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి.

తక్‌పట్టీ. మిర్చి అమ్ముకున్న రైతు చేతికి మా దుకాణం ఇచ్చే కాగితం అది. బరువు బ క్వింటాళ్లు, క్వింటాలు ధర ధ, కమీషన్ నూటికి మ, టిక్కీలు (మిర్చి బస్తాలు) ట, టిక్కీకి హమాలీ కూలి హ అనుకుంటే, రైతుకు వచ్చేది బధ − మబధ/100 − హట. ధర 200 పెరిగితే ఇందులో ఏ ముక్కలు మారతాయి, ఏది మారదు అని పిల్లలను అడిగాను. మొదటి రెండూ మారతాయి, హట మారదు. ఇది చెప్పడానికి దేన్నీ సాధించక్కర్లేదు, చదవడం వస్తే చాలు. ఆ హట అన్న ముక్కే ఆ రోజు తమ నాన్నల ముఠాకు వచ్చే కూలి అని తెలిసినప్పుడు ఆ పిల్లలు నోరు మూయలేదు. టిక్కీలు పెద్దవి చేస్తే ట తగ్గుతుంది కదా, అప్పుడు బరువు అంతే ఉండి కూలి తగ్గుతుంది కదా అని ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు. ఇంతకన్నా మంచి గణిత ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కాబట్టి మేం కోరేవి ఇవి.

1. ప్రతి రాత లెక్కకూ మొదటి వాక్యంగా, అక్షరం ఏ సంఖ్యను సూచిస్తుందో ప్రమాణంతో సహా రాయడం తప్పనిసరి చేయండి. "పెన్నులు = ఎక్స్" చాలదు. దానికి విడిగా మార్కు ఇవ్వండి, ఆ సంగతి మూల్యాంకన సూచనల్లో రాతపూర్వకంగా పెట్టండి.

2. సమాసం ఇచ్చి అర్థం అడిగే ప్రశ్న ఆరో తరగతి నుంచి ప్రతి సమ్మేటివ్ (టర్ము చివరి) పరీక్షలోనూ కనీసం ఒకటి ఉండాలి, పదో తరగతి పేపర్లో కనీసం రెండు మార్కులకు ఉండాలి. "192 + 4.5(యు − 75)లో యు − 75 ఏమిటి?" లాంటిది. కొత్త పాఠం అక్కర్లేదు.

3. ఆ ప్రశ్నకు జవాబు ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగులో రాసినా పూర్తి మార్కులు ఇవ్వాలి. అక్కడ పరీక్షిస్తున్నది లెక్కను.

4. ఆరో తరగతిలో అక్షరాన్ని పండుగానో కాయగానో పరిచయం చేసే పద్ధతి ఆపండి. సంఖ్యగానో ధరగానో పరిచయం చేయండి. మాట చూసి గుర్తు వేయించే పట్టికలు బడిలో వాడొద్దని ఉపాధ్యాయ శిక్షణలో చెప్పండి. వాటి బదులు అంకె పెట్టి సరిచూసే అలవాటు నేర్పించండి.

5. పాఠ్యపుస్తకంలో తెలుగు పేజీని అచ్చుకు పంపే ముందు, లెక్కల మాష్టారు కాని ఒక మామూలు తెలుగు పాఠకుడి చేత చదివించండి. ఆయనకు ఒక్కసారి చదివితే అర్థం కాని ప్రశ్నను తిరగరాయండి. రెండర్థాలు వచ్చే ప్రశ్న పరీక్షలో పడితే రెండు జవాబులకూ మార్కులు ఇవ్వండి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పైవాళ్ల ఉత్తర్వు కోసం మీరు ఆగక్కర్లేదు. రేపటి క్లాసులో బోర్డు మీద లెక్క పూర్తి చేశాక, డస్టర్ తీసుకునే ముందు, మధ్యలో ఉన్న ఒక పదం కింద గీత గీసి "ఇది ఏమిటి, ఏ ప్రమాణంలో?" అని ఒక్క పిల్లను అడగండి. రెండు నిమిషాలు పడుతుంది.

మా అర్జీకి వచ్చే సమ్మేటివ్ పరీక్షలోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. కుదరదంటే ఎందుకు కుదరదో కారణం రాయండి. పిల్లలు తప్పు చదివిన సమాసాలు, వాటి పక్కన వాళ్లు సరిగ్గానే సాధించిన జవాబులు ఉన్న నోటుపుస్తకాలు మా దగ్గర ఉన్నాయి. మీలో ఎవరు, ఏ రోజు రమ్మన్నా పిల్లలను, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని తెచ్చి చూపిస్తాం. మిర్చి యార్డుకు సెలవు రోజైతే హమాలీ తండ్రులు కూడా రాగలరు.

ఇట్లు,
మిర్చి దుకాణం గుమాస్తా, సాయంత్రం బడి మాష్టారు
పిల్లల తల్లిదండ్రుల తరఫున
గుంటూరు